కాయితం ఎందుకక్కా, నువ్వున్నవ్ గదా

2022 జూన్‌లో ఒక శుక్రవారం రాత్రి ఏడున్నరకి మా కర్రీ పాయింట్‌లో సాంబారు గిన్నె జారింది. ఈ వ్యాపారం చేసేవాళ్ళకి శుక్రవారం ఏడున్నర అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. హైదరాబాద్ కేపీహెచ్‌బీలో హాస్టళ్ళ పిల్లలంతా ఒకేసారి దిగుతారు. కౌంటర్ ముందు జనం, లోపల చపాతీ పొగ, ఒకడు "అక్కా పప్పు రెండు", ఇంకొకడు "ఆంటీ, దొండకాయ ఫ్రై అయిపోయిందా?" ముందు పెట్టిన సాంబారు అడుగంటింది. లోపలి నుంచి నిండు గిన్నెని యాదమ్మ ఒక పక్క, అసిస్టెంట్ కుర్రాడు ఇంకో పక్క మసిగుడ్డలతో పట్టుకుని తెస్తున్నారు. నేల తడిగా ఉంది. ఆ తడి ఎవరు తుడవలేదో ఇప్పటికీ మాకు వాదనే. కుర్రాడి కాలు జారింది. గిన్నె యాదమ్మ వైపు ఒరిగింది.

ఎడమ మోకాలి కింద నుంచి పాదం దాకా కాలిపోయింది. ఆమె అరవలేదు. "అక్కా, సాంబార్ మొత్తం పోయింది" అంది. ఆ మాట నాకు చాలా రోజులు నిద్రలో వినపడేది.

దగ్గర్లో ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్ళాం. బిల్లింగ్ కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయి తలెత్తకుండానే అడిగింది: "పేషెంట్ మీ దగ్గర పనిచేస్తారా? ఈఎస్ఐ ఉందా?" ఈఎస్ఐ అంటే యజమాని, పనివాళ్ళు కలిసి కట్టే ప్రభుత్వ ఆరోగ్య బీమా. లేదన్నాను. "సరే, ముప్పై వేలు అడ్వాన్స్ కట్టండి" అంది. అంతే. ఆ అమ్మాయికి అది రోజూ అడిగే ప్రశ్న. నాకు మాత్రం ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. ఎందుకంటే నేను మియాపూర్ నుంచి అమీర్‌పేట వెళ్ళే మెట్రోలో ఎన్నిసార్లు ఎక్కుంటానో! ఎర్రగడ్డ దాటగానే వచ్చే స్టేషన్ పేరే "ఈఎస్ఐ హాస్పిటల్". ఆ పేరు వందలసార్లు విన్నాను గానీ, అది నా షాపుకి సంబంధించిన మాట అని ఒక్కసారీ తట్టలేదు.

ఆసుపత్రి బిల్లు నేనే కట్టాను. యాదమ్మ రెండు నెలలు రాలేకపోయింది, ఆ జీతం కూడా ఇచ్చాను. ఇచ్చేటప్పుడు మనసులో కొంచెం గొప్పగానే ఉందని ఒప్పుకుంటాను. మనింటి మనిషిలా చూసుకున్నాం అనుకున్నా. ఆ గొప్ప కాస్తా మా ఆడిటర్ గారి దగ్గర పోయింది. జీఎస్టీ కాగితాల కోసం వెళ్ళినప్పుడు ఈ ఖర్చు ఎక్కడ రాయాలని అడిగితే, ఆయన పెన్ను కింద పెట్టి, "పని చేస్తుండగా దెబ్బ తగిలితే అది మీదే అమ్మా. 1923 నుంచీ చట్టం ఉంది దానికి" అన్నారు. తర్వాత అసలు ప్రశ్న అడిగారు. "మీ దగ్గర ఎంతమంది పనిచేస్తారు?"

"ఎనిమిది మందండీ."

"పేర్లు చెప్పండి."

చెప్పాను. కూరల మాస్టర్, చపాతీ మాస్టర్, ఇద్దరు అసిస్టెంట్లు, కౌంటర్‌లో ప్యాకింగ్‌కి ముగ్గురు, యాదమ్మ. ఎనిమిది.

"కూరగాయలు ఎవరు తరుగుతారు?"

"పొద్దున్నే ఇద్దరు ఆడవాళ్ళొచ్చి మూడు గంటలు తరిగి వెళ్ళిపోతారండీ. వాళ్ళు పార్ట్‌టైమ్."

"పార్ట్‌టైమ్ అయినా మనిషే కదమ్మా. పది. గిన్నెలు?"

"రాత్రి తొమ్మిదికి ఒకామె వస్తుంది."

"పదకొండు. హాస్టళ్ళకి క్యారేజీలు?"

స్కూటీ మీద వెళ్ళే అబ్బాయికి నెలకి ఆరు వేలు, పెట్రోలు ఇస్తాం. పన్నెండు. స్విగ్గీ, జొమాటో నుంచి వచ్చే డెలివరీ బాయ్స్ మన లెక్కలోకి రారట. మా ఆయన జీతం తీసుకోకుండా క్యాష్ దగ్గర కూర్చుంటాడు, ఆయనా రాడు. మొత్తం మీద పన్నెండు.

ఈఎస్ఐకి పది చాలు. కరోనా సద్దుమణిగి హాస్టళ్ళు మళ్ళీ నిండిన 2021 నవంబరు నుంచే మేం పది దాటేశాం. అంటే అప్పటికి ఏడు నెలల పైన బాకీ. దాని మీద ఏడాదికి 12 శాతం వడ్డీ. పైగా పాత నెలల ఉద్యోగి వాటా ఇప్పుడు వాళ్ళ జీతంలోంచి కోయడానికి వీల్లేదు, రెండు వాటాలూ నేనే కట్టుకోవాలి. ఒకసారి ఈఎస్ఐలోకి వచ్చాక మనుషులు తగ్గి ఏడుకొచ్చినా బయటికి రాలేం. "ఇద్దర్ని తీసేస్తే పోతుంది కదా" అని సలహా ఇచ్చిన మా పక్క షాపాయనకి ఇది చెప్తే నమ్మలేదు.

ఇంత హడావుడి చేసిన ఈఎస్ఐ ఖర్చు ఎంతో చూడండి. యాదమ్మ జీతం అప్పుడు 12,000. యజమాని వాటా 3.25 శాతం, అంటే 390 రూపాయలు. ఆమె వాటా 0.75 శాతం, 90 రూపాయలు. మా దగ్గర కూర ప్యాకెట్ నలభై. పది ప్యాకెట్లు అమ్మితే ఆమె కోసం నా నెల వాటా కట్టేసి ఇంకా పది రూపాయలు మిగులుతాయి. ఆ డబ్బుకి ఆమెకి, ఇంట్లోవాళ్ళకి వైద్యం. పనిలో దెబ్బ తగిలి రాలేకపోతే జీతంలో 90 శాతం. మామూలు జబ్బైతే ఏడాదిలో 91 రోజుల వరకు 70 శాతం. ఇవన్నీ ఈఎస్ఐ ఇస్తుంది, నేను కాదు. ఇది ముందే ఉండుంటే ఆ రాత్రి నేను ముప్పై వేల కోసం మా ఆడపడుచుకి ఫోన్ చేసేదాన్ని కాదు.

నెల జీతం 21,000 దాటినవాళ్ళకి ఈఎస్ఐ వర్తించదు. మా కూరల మాస్టర్ జీతం అంతకంటే ఎక్కువ కాబట్టి ఆయనకి కార్డు లేదు. కానీ పది మంది లెక్కలో మాత్రం ఆయన ఉంటాడు. దీనికి ఆయన అలిగాడు కూడా. "లెక్కకేమో నేను, కార్డుకేమో వాళ్ళా?" అన్నాడు.

రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లోనే. షాపుకి పదిహేడు అంకెల కోడ్ వస్తుంది, ఒక్కో మనిషికి పది అంకెల నంబరు. రాత్రి షట్టర్ దించాక ఒక్కొక్కర్ని కూర్చోబెట్టి వివరాలు ఎక్కించాను. చట్టం కంటే ఆధార్ ఎక్కువ ఏడిపించింది. ఒకామెకి ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకు పుస్తకంలో ఇంకో పేరు. చపాతీ మాస్టర్‌ది ఒడిశా, పుట్టిన తేదీ దగ్గర సంవత్సరం ఒక్కటే ఉంది. యాదమ్మ అయితే 90 రూపాయలు కోస్తారనగానే మొహం ముడుచుకుంది. "నాకెందుకక్కా? నువ్వున్నవ్ గదా" అంది. ఏడాది తిరక్కుండా వాళ్ళాయనకి హెర్నియా ఆపరేషన్ ఆ కార్డు మీదే సనత్‌నగర్ ఈఎస్ఐలో అయింది. అప్పటి నుంచీ ప్రతి నెలా 15 లోపు కట్టానా లేదా అని ఆమే నన్ను అడుగుతుంది.

కాగితాల గురించి నా పాత తప్పు ఒకటి చెప్పాలి. ఈ లైన్‌లో మాస్టర్లు అడ్వాన్స్ లేకుండా చేరరు. 2018లో ఒక మాస్టర్‌కి 40,000 ఇచ్చాం. ఇంతకుముందు ఒకాయన అడ్వాన్స్ తీసుకుని సంక్రాంతికి ఊరెళ్ళి మళ్ళీ కనపడలేదు కాబట్టి, ఈసారి జాగ్రత్తగా వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాయించాం. "అడ్వాన్స్ మొత్తం తీరే వరకు వేరే చోట పనికి వెళ్ళను" అని. ఒరిజినల్ ఆధార్ కూడా మా బీరువాలో పెట్టాం. ఇది మేం కనిపెట్టింది కాదు, వీధిలో అందరూ చేసేదే. మా మరిది స్నేహితుడు లాయరు. ఒకసారి ఏదో మాటల్లో ఆ పేపరు చూసి నవ్వాడు. నవ్వి, "వదినా, దీన్ని జాగ్రత్తగా దాచుకున్నావు గానీ ఇది నీ మీద కేసుకి సాక్ష్యం" అన్నాడు. అప్పు ఇచ్చి, అది తీరేదాకా కదలడానికి వీల్లేదనడాన్ని 1976 చట్టం వెట్టిచాకిరి అంటుందట. వెట్టిచాకిరి అంటే నాకు తెలిసింది దొరలు, గడీలు. నా బీరువాలో ఉన్న స్టాంపు పేపరుకి కూడా అదే పేరా అని చాలాసేపు కూర్చుండిపోయాను.

అడ్వాన్స్ ఇవ్వచ్చు, నెలనెలా జీతంలోంచి కొంత పట్టుకోవచ్చు. అయితే పట్టుకునేవన్నీ కలిపి జీతంలో సగం దాటకూడదు. మనిషి వెళ్ళిపోతే బాకీ అడగొచ్చు, నోటీసు పంపొచ్చు, మనిషిని మాత్రం ఆపలేం. ఆధార్ మర్నాడే తిరిగిచ్చేశాను. ఆ మాస్టర్ ఇంకో ఎనిమిది నెలలున్నాడు. వెళ్ళేటప్పుడు ఆరు వేలు బాకీ. అది రాలేదు. పోనీ.

పిల్లల సంగతి ఇంకొకటి. 2019లో మాస్టర్ వాళ్ళ అక్క కొడుకుని ఊరి నుంచి తీసుకొచ్చాడు. "పదో తరగతి తప్పాడు మేడమ్, ఖాళీగా తిరుగుతున్నాడు, నా దగ్గర పని నేర్చుకుంటాడు, జీతం ఏమీ వద్దు" అన్నాడు. పద్దెనిమిది అన్నాడు. మీసం ఇంకా రాలేదు. ఆధార్ అడిగితే ఊళ్ళో ఉందన్నాడు. వాట్సాప్‌లో తెప్పించమంటే రెండు రోజులు నసిగి తెప్పించాడు. పదిహేను. పద్నాలుగు లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదు. పద్నాలుగు నుంచి పద్దెనిమిది లోపు వాళ్ళకి ప్రమాదకరమైన పనులు కూడదు, రాత్రి పని కూడదు. మా వ్యాపారమే రాత్రి. మరుగుతున్న నూనె పక్కన పని. ఇక జీతం తీసుకోకపోవడం వల్ల వాడు పనివాడు కాకుండా పోడు. దొరికితే జరిమానా 20,000 నుంచి 50,000, జైలు ఆరు నెలల నుంచి రెండేళ్ళు. ఇక్కడ ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్ అని, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ అని పోలీసులు, లేబర్ వాళ్ళు హోటళ్ళు, దుకాణాలు చూస్తూ తిరుగుతారు. నేను భయంతోనే వద్దన్నాను, పిల్లాడి చదువు మీద ప్రేమతో కాదు. మాస్టర్ రెండు రోజులు కూరల్లో ఉప్పు సరిగా వేయలేదు.

ఆ మాస్టర్ కాదు గానీ, 2017 మార్చి నుంచి ఉన్న మా కూరల మాస్టర్ 2023 జూన్‌లో సొంతంగా పెట్టుకుంటానని చెప్పాడు. మంచి మనిషి, నెల ముందే చెప్పాడు. చీర, స్వీట్లు, పదివేలు పెట్టి సాగనంపుదాం అనుకున్నాం. ఆడిటర్ గారు మళ్ళీ పెన్ను కింద పెట్టారు. ఈయన పెన్ను కింద పెడితే నాకు గుండె దడ. పది మంది, ఆపైన పనిచేసే చోట అయిదేళ్ళు నిండిన ఉద్యోగికి గ్రాట్యుటీ, అంటే పని మానేటప్పుడు యజమాని ఇవ్వాల్సిన మొత్తం. చివరి నెల జీతాన్ని 26తో భాగించి, 15తో గుణించి, ఎన్నేళ్ళు చేశాడో అంతతో గుణించాలి. మాస్టర్ జీతం 28,000. అలవెన్సులని విడగొట్టకుండా మొత్తం ఒకే జీతంగా ఇస్తున్నాం. ఆరేళ్ళు. 96,923 రూపాయలు.

ఒకే నెలలో 96,923 తీయడం చిన్న షాపుకి మాటలా? 30 రోజుల్లో ఇవ్వాలి. మా ఆయన "ఆయనకి ఈ సంగతి తెలీదు కదా" అన్నాడు. అన్నమాట నిజమే, మాస్టర్‌కి తెలీదు. ఆ రాత్రి ఇంట్లో మా ఇద్దరికీ గొడవ. చివరికి చిట్టీ పాడి ఇచ్చాం. చెక్కు మీద అంకె చూసి మాస్టర్ "మేడమ్, ఒక సున్నా ఎక్కువ రాశారేమో" అన్నాడు. అప్పటి నుంచి అయిదేళ్ళు అయినా కాకపోయినా ప్రతి మనిషి పేరు మీద నెలకింత అని విడిగా బ్యాంకులో ఆర్‌డీ కడుతున్నాను. పన్నెండు వేల జీతానికి ఏడాదికి ఏడు వేలలోపే పడుతుంది. నెలనెలా తీస్తే నొప్పి తెలీదు.

పీఎఫ్ ఇరవై మంది దగ్గర మొదలవుతుంది, మేం ఇంకా అంత దూరం వెళ్ళలేదు. ఈ ఇరవైకి భయపడి పందొమ్మిది దగ్గర ఆగినవాళ్ళు, రెండో బ్రాంచి భార్య పేరు మీద పెట్టినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. బ్రాంచీలన్నీ కలిపి ఒకే సంస్థగా లెక్కేయొచ్చని చట్టంలోనే ఉంది. పేరు మారిస్తే తల లెక్క మారుతుందనుకోవడం మన ఆశ.

మిగతావి గబగబా చెప్పేస్తాను. కనీస వేతనంలో వీడీఏ, అంటే ధరలను బట్టి మారే భత్యం, ఏప్రిల్ 1న, అక్టోబరు 1న మారుతుంది. మొదటిసారి సరిచూసుకున్నప్పుడు ఇద్దరికి నేనిచ్చేది తక్కువే ఉందని తేలింది. జీతం ఏడో తారీకు లోపు పడాలి. హాస్టళ్ళ వాళ్ళు పదికి గానీ డబ్బులివ్వరని నేను పన్నెండుకి ఇచ్చేదాన్ని, అది నా తలనొప్పి గానీ పనివాళ్ళది కాదు. వంట, ప్యాకింగ్ చేసేవాళ్ళకి ఏటా మెడికల్ సర్టిఫికెట్ ఫుడ్ లైసెన్సుకి కావాలి. ఆరు నెలలు దాటి పనిచేసిన మనిషిని "రేపటి నుంచి రాకు" అనడం కుదరదు. సరైన కారణం ఉండాలి, నెల ముందు రాతపూర్వకంగా నోటీసివ్వాలి, లేదా ఆ నెల జీతం. కోపంలో ఒక కుర్రాడిని అలా పంపేశాను, వాడు లేబర్ ఆఫీసుకి వెళ్ళలేదు కాబట్టి బతికిపోయాను. పది మంది ఉంటే లైంగిక వేధింపుల ఫిర్యాదులకి కమిటీ ఉండాలి. ఆ కమిటీ కాగితం గోడ మీద అంటిస్తే మా ప్యాకింగ్ అమ్మాయిలు మొదట నవ్వారు. మూడు నెలల తర్వాత ఒకమ్మాయి వచ్చి, రోజూ వచ్చే ఒక కస్టమర్ గురించి చెప్పింది. ఆ కాగితం గోడ మీద లేకపోతే చెప్పేది కాదని ఆమే అంది.

2025 నవంబరు 21న పాత కార్మిక చట్టాలు 29 పోయి వాటి స్థానంలో లేబర్ కోడ్‌లని నాలుగు కొత్త చట్టాలు అమల్లోకి వచ్చాయి. ఆడిటర్ గారు ఈసారి ఫోన్‌లోనే చెప్పారు, పెన్ను సంగతి తెలీదు. పది, ఇరవై అంకెలు అలాగే ఉన్నాయి. కానీ అందరికీ నియామక పత్రం ఇవ్వాలన్నారు. అప్పటిదాకా మాస్టర్లకి తప్ప ఎవరికీ ఇవ్వలేదు. డిసెంబరులో కూర్చుని తెలుగులోనే రాశాను. పేరు, పని, చేరిన తేదీ, జీతం, ఈఎస్ఐ నంబరు, సెలవులు.

యాదమ్మకి ఇస్తే చేతులు తుడుచుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "కాయితం ఎందుకక్కా, నువ్వున్నవ్ గదా" అంది మళ్ళీ. ఆ రోజు నాకు సమాధానం దొరికింది. "నేను లేకపోతే?" అన్నాను. "ఇట్లెందుకు మాట్లాడ్తవ్" అని కసురుకుంది.

వాళ్ళ అమ్మాయి ఇంటర్ చదువుతుంది. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి, తల్లి కోసం ఎదురుచూస్తూ ఆ కాగితం తీసుకుని పైకి చదవడం మొదలుపెట్టింది. చపాతీలు చేసేవాళ్ళు కూడా చెయ్యి ఆపి విన్నారు. జీతం దగ్గర యాదమ్మ తలూపింది. చేరిన తేదీ దగ్గర, "అప్పుడు నువ్వు ఆరో తరగతి" అంది కూతురితో. చదువుతూ చదువుతూ ఆ పిల్ల ఒకచోట ఆగింది.

"ఆంటీ, ఇక్కడ వారపు సెలవు అని రాసి, ముందు ఖాళీ ఉంది. మా అమ్మకి ఏ రోజు సెలవు?"

మా షాపు వారంలో ఏడు రోజులూ తెరిచే ఉంటుంది. ఎవరికి పనిబడితే వాళ్ళు అడిగి ఆగుతారు. యాదమ్మ అడిగినట్టు నాకు గుర్తులేదు. నేను యాదమ్మ వైపు చూశాను, ఆమె నా వైపు చూసింది.

"మంగళారం" అంది మెల్లగా. "మంగళారం గిరాకి తక్కువుంటది."

పెన్ను తీసుకుని ఖాళీలో రాశాను.